జబ్బు ఆయనది, కబురు ఎవరికి?

ప్రశ్న: నేను ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ మొదటి ఏడాది పీజీని. మా వార్డులో 61 ఏళ్ల మిర్చి రైతు ఒకాయన ఉన్నారు. పచ్చకామెర్లని రెండు వారాలు పసరు మందు తాగి, తగ్గకపోగా ఒంటి దురద భరించలేక వచ్చారు. సీటీలో క్లోమగ్రంథి తల దగ్గర గడ్డ, కాలేయంలో మచ్చలు కనిపించాయి. బయాప్సీలో క్యాన్సరని తేలింది. మా సార్ పెద్ద కొడుకుని బయటికి పిలిచి చెప్పారు. అతను ఏడుస్తూ "నాన్నకు మాత్రం చెప్పొద్దు సార్, తెలిస్తే ఆ రోజే పోతాడు" అని బతిమాలాడు. సార్ సరేనన్నారు. పెద్దాయనకి "కాలేయం వాచింది, పైపు వేస్తే తగ్గిపోతుంది" అని చెప్పాం. ఆ పైపు, అంటే స్టెంటు, వేయడానికి కన్సెంట్ ఫారం మీద కొడుకే సంతకం పెట్టాడు. మొన్న నైట్ డ్యూటీలో పెద్దాయన నన్ను పిలిచి "డాక్టరమ్మా, వచ్చే ఖరీఫ్‌కి ఇంకో రెండెకరాలు కౌలుకు మాట్లాడుకున్నా. అడ్వాన్సు ఇచ్చేయనా? నాకేమైందో దాచకుండా చెప్పు" అన్నారు. రేపు సార్‌ని అడగండి అని తప్పించుకున్నాను. సార్‌తో అంటే "మన ఊళ్లలో పుస్తకాల ఎథిక్స్ నడవవమ్మా" అన్నారు. నిజం చెబితే సార్‌కి, ఆ కుటుంబానికి ఎదురెళ్లినట్టు. అబద్ధం చెబితే ఆయనకి ద్రోహం. ఆయన మళ్లీ అడిగితే ఏం చెప్పాలి?
— ఒక పీజీ డాక్టర్

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు కౌలు అడ్వాన్సు దగ్గరే ఆగిపోయింది. జబ్బు పేరేమిటని ఆయన ముందు అడగలేదు. ఎన్నాళ్లు బతుకుతానని అడగలేదు. ఇంకో రెండెకరాలు వేసుకోవచ్చా అని అడిగారు. మిర్చికి ఎకరా పెట్టుబడి లక్ష దాటుతుంది, కౌలు అదనం, అందులో చాలా భాగం అప్పు తెచ్చిందే అయి ఉంటుంది. "వాపు తగ్గిపోతుంది" అన్న మన మాట నమ్మి ఆయన అడ్వాన్సు ఇచ్చేస్తే, కాయ కోతకొచ్చే నాటికి ఆ అప్పు ఎవరి నెత్తిన పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మంచి కోసమని ఆడిన అబద్ధం ఆ ఇంటి మీద వడ్డీతో సహా పడుతుంది.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆయన మళ్లీ అడిగితే అబద్ధం ఆడకండి. అలాగని అర్ధరాత్రి, సార్‌కి తెలియకుండా, పక్క మంచాల వాళ్లు వింటుండగా మీరొక్కరే వెళ్లి క్యాన్సర్ కబురు చెప్పేయకండి. ఈ రెంటికీ నడుమ చేయాల్సిన పని చాలా ఉంది. అది ఎవరూ చేయకుండా వదిలేయడం వల్లే బరువంతా వార్డులో అందరికంటే చిన్న డాక్టరు మీద పడింది.

చెప్పాలా వద్దా అని మీరు అడిగారు. దానికంటే ముందు అడగాల్సినది ఒకటుంది: కొడుక్కి చెప్పమని మనకు ఎవరు అనుమతిచ్చారు? "ఈ పేషెంట్ తాలూకు ఎవరు?" అని కేకేసి, వచ్చినవాళ్లని కారిడార్‌లోకి తీసుకెళ్లి మొత్తం చెప్పేయడం మన ఆసుపత్రుల్లో ఎంత మామూలైపోయిందంటే, అందులో తప్పొప్పులున్నాయని కూడా ఎవరికీ తోచదు. ఇదే పెద్దాయనకి హెచ్‌ఐవీ తేలి ఉంటే కొడుకుని అలా పిలిచేవాళ్లమా? పిలవం. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదని నర్సింగ్ విద్యార్థినికి కూడా తెలుసు. హెచ్‌ఐవీ అయితే కబురు రోగిది, క్యాన్సర్ అయితే కుటుంబానిది అని వైద్యనీతిలో ఎక్కడా లేదు. చట్టం గట్టిగా చెప్పిన చోట జాగ్రత్తపడుతున్నాం, చెప్పని చోట అలవాటుగా పోతున్నాం. మీ సార్ పొరపాటు చేశారనుకుంటే అది తండ్రికి చెప్పకపోవడంతో మొదలవలేదు, ఆయన్ని అడక్కుండా కొడుక్కి చెప్పడంతో మొదలైంది.

ఇక "మన ఊళ్లలో నడవవు" అన్న మాట. అందులో నిజం బొత్తిగా లేదనను. జబ్బు ఎంత తీవ్రమైనదైనా రోగికి నేరుగా చెప్పకపోవడం మన దగ్గర పాత పద్ధతే. మరణ లక్షణాలు కనిపించినా అడక్కుండా చెప్పవద్దని, అడిగినా రోగికి గానీ దగ్గరివాళ్లకి గానీ దెబ్బ తగిలే చోట చెప్పవద్దని చరక సంహితలోనే ఉంది. హిప్పోక్రటీస్ పేరు మీద వచ్చిన గ్రీకు రాతలూ రోగి దగ్గర చాలా విషయాలు దాచమనే చెప్పాయి. కాబట్టి దాచడం తూర్పు పద్ధతి, చెప్పడం పడమటి పద్ధతి అని గీత గీయడం కుదరదు. 1961లో అమెరికాలో, షికాగోలోని ఒక ఆసుపత్రిలో 219 మంది డాక్టర్లని అడిగితే సుమారు 90 శాతం మంది క్యాన్సరని రోగికి చెప్పకపోవడమే తమకిష్టం అన్నారు. 1979లో రాచెస్టర్‌లో అవే ప్రశ్నలు వేస్తే 97 శాతం మంది చెప్పడానికే మొగ్గారు. పద్దెనిమిదేళ్లలో ఆ దేశపు మనుషుల గుండెలు గట్టిపడ్డాయా? లేదు. చికిత్సలు పెరిగాయి, రోగి చేయాల్సిన నిర్ణయాలు పెరిగాయి, తెలియకుండా నిర్ణయించడం కుదరకుండా పోయింది. ఈరోజు మన దగ్గర జరుగుతున్నదీ అదే. ఈ పెద్దాయన ముందున్న నిర్ణయాలు చూడండి: స్టెంటు, కీమో, దానికయ్యే రానుపోను ఖర్చు, పొలం, ఎవరికైనా నోటి మాట మీద ఇచ్చిన బాకీలు. ఆ బాకీల లెక్క ఆయన బుర్రలో తప్ప ఏ కాగితం మీదా ఉండదు.

అప్రియమైన సత్యం చెప్పకూడదని శ్లోకం చదివే పెద్దలు ప్రతి వార్డులోనూ దొరుకుతారు. ఆ శ్లోకాన్ని సగంలో ఆపేస్తారు. ప్రియమైన అబద్ధమూ చెప్పకూడదని తర్వాతి పాదంలోనే ఉంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే మీ కన్సెంట్ ఫారం మీద ఉన్న సంతకం నన్ను కలవరపెడుతోంది. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పు చెప్పింది. లోపల ఏముందో చూడటానికని లాపరోస్కోపీకి మత్తిచ్చిన ఒక మహిళకి, తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి కానప్పుడు, సొంతంగా నిర్ణయించుకోగల మేజరు తరఫున తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు తేల్చింది. మీ పెద్దాయన స్పృహలో ఉన్నారు, పంట లెక్కలు వేసుకుంటున్నారు. ఆయన బతికి, తెలివితో ఉండగా ఆయన ఒంటి మీద జరిగే పనికి కొడుకు సంతకం చాలదు. ఆయన చేతే పెట్టించినా, "వాపుకి పైపు" అని చెప్పి పెట్టించిన సంతకానికి ఏపాటి విలువ ఉంటుంది? మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళి రోగి పరిస్థితిని ఎక్కువ చేసీ చెప్పొద్దు, తక్కువ చేసీ చెప్పొద్దు అంటుంది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: ఆ నియమంలోనే, రోగి మేలుకీ కుటుంబం మేలుకీ అవసరమైనంత విషయం రోగికో, బంధువులకో, బాధ్యత గల స్నేహితులకో తెలిసేలా చూడమని ఉంది. మీ సార్ ఆ "బంధువుల" మీద ఆనుకుంటున్నారు కాబోలు. కానీ తగ్గించి చెప్పొద్దన్న ముక్క దాని పక్కనే ఉంది, "తగ్గిపోతుంది" అన్న మాట అక్కడ నిలబడదు.

ఈ వ్యవహారంలో కొడుకుని మాత్రం ముద్దాయిని చేయకండి. రోగిని అన్యాయం నుంచి కాపాడాలన్న ఆవేశంలో యువ డాక్టర్లు కుటుంబాన్ని శత్రువుల్లా చూడటం మొదలుపెడతారు, అది ఇంకో అన్యాయం. అతనికి ఆ కబురు ఎలా చేరి ఉంటుందో ఊహించండి. కారిడార్‌లో, నిలబెట్టి, రెండు నిమిషాల్లో చెప్పి ఉంటారు. చెప్పినవాళ్లు వెంటనే తర్వాతి మంచానికి వెళ్లిపోయి ఉంటారు. తనకే కాళ్లూచేతులూ ఆడని ఆ క్షణంలో "నాన్నకి చెప్పొద్దు" అనడం తప్ప అతని చేతిలో ఏముంది? తండ్రి కోసం తాను చేయగలిగిన పని అదొక్కటే కనిపించింది. దాన్ని ఆఖరి నిర్ణయంగా తీసుకుని కేసు మూసేసింది మనమే.

పైగా రహస్యం దాగదు. ఆరోగ్యశ్రీ కాగితాల్లో జబ్బు పేరు ఉంటుంది. కీమోకి పంపే ఆసుపత్రి గోడ మీద పెద్దక్షరాలతో ఉంటుంది. నేను జిల్లా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకాయనకి ఇంటిల్లిపాదీ కలిసి నెలల తరబడి అల్సరని చెప్పారు. తొమ్మిదో తరగతి చదివే మనవడు రిపోర్టులోని ఇంగ్లిషు మాటని ఫోన్‌లో కొట్టి తాతకి చదివి వినిపించాడు. ఆ పిల్లవాడికి దాని బరువు తెలియదు. రౌండ్స్‌కి వెళ్లినప్పుడు ఆయన నన్ను దగ్గరికి రమ్మని, "నాకు తెలిసినట్టు మావాళ్లకి చెప్పకండి, పాపం నాకు తెలియదనుకుని ధైర్యంగా ఉన్నారు" అన్నారు. భార్య ఆయన ముందు ఏడవదు, ఆయన భార్య ముందు ఏడవరు. ఒకే గదిలో ఉంటూ ఎవరి దుఃఖం వాళ్లు పడ్డారు. వాళ్ల మధ్య ఆ మాట రానివ్వకుండా అడ్డం నిలబడ్డది ప్రేమే, కానీ ఆయన ఒంటరిగా పోయారు. నాకు తెలిసినంతలో రోగులు భయపడేది జబ్బు పేరుకంటే, అందరి ముఖాల్లోనూ మార్పు కనిపిస్తూ ఎవరూ నోరు విప్పని ఆ వాతావరణానికే ఎక్కువ.

సరే, ఏం చేయాలి?

ముందు సార్ దగ్గరికి. రౌండ్స్‌లో అందరి ముందూ వద్దు. ఓపీ అయ్యాక కేసు షీటు పట్టుకుని వెళ్లండి. "ఎథిక్స్" అన్న మాట ఎత్తితే ఆయన పుస్తకాల దగ్గరికే పోతారు. మూడే విషయాలు చెప్పండి: పేషెంట్ తనంతట తానే అడిగారు, కౌలు అడ్వాన్సు ఇవ్వబోతున్నారు, స్టెంటు ఫారం మీద ఆయన సంతకం లేదు. ఆ తర్వాత, "మీరు మాట్లాడితే బాగుంటుంది సార్, నేను పక్కన ఉంటాను" అనండి. పెద్ద డాక్టర్లలో చాలామంది ఈ సంభాషణలు తప్పించుకునేది నీతి తెలియక కాదు. ఎలా చెప్పాలో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. ఎంబీబీఎస్‌లో నడవడిక, నీతి, సంభాషణ కలిపి ఎట్‌కామ్ పేరుతో పాఠంగా పెట్టింది 2019 బ్యాచ్ నుంచే. మీరు మొదటి ఏడాది పీజీ అంటున్నారు కాబట్టి బహుశా ఆ తొలి బ్యాచ్‌లవారే అయి ఉంటారు. ఈ ఒక్క విషయంలో మీ చదువు మీ సార్ చదువుకంటే పెద్దది. అది ఆయన మీద ఎత్తి చూపడానికి కాకుండా, ఆయనకి తోడు నిలవడానికి వాడండి.

ఆ తర్వాత కొడుకు. కూర్చోబెట్టండి, మీరూ కూర్చోండి. "మీ నాన్న స్థానంలో మీరుంటే తెలుసుకోవాలనుకోరా?" అని మాత్రం అడగకండి. అది వినడానికి ప్రశ్నలా ఉన్నా అతని చెవికి నిందలా తగులుతుంది. "ఇంతకుముందు ఇంట్లో పెద్ద కష్టం వచ్చినప్పుడు మీ నాన్నగారు ఎలా తట్టుకున్నారు?" అని అడిగి, మాట్లాడనివ్వండి. పంట మొత్తం పోయిన ఏడాది గురించో, తమ్ముడు పోయినప్పటి సంగతో చెబుతాడు. చెబుతూ చెబుతూనే, తండ్రి తాను అనుకుంటున్నంత బలహీనుడు కాడని అతనికే తడుతుంది. అప్పుడు మీ మాట స్పష్టంగా చెప్పండి: "నేను పనిగట్టుకుని వెళ్లి ఆయన మీద ఈ కబురు రుద్దను. కానీ ఆయన అడిగితే అబద్ధం చెప్పను. ఇప్పటికే ఒకసారి అడిగారు." కౌలు సంగతి కూడా చెప్పండి, అతనికి తెలియకపోవచ్చు. చెప్పేటప్పుడు తను పక్కన ఉండొచ్చని, ఎంత చెప్పాలన్నది నాన్నగారే నిర్ణయిస్తారని చెప్పండి.

పెద్దాయన భార్య గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆవిడకి తెలుసో లేదో కనుక్కోండి. మన ఇళ్లలో మంచం పక్కన రాత్రింబవళ్లు కూర్చునే ఆడమనిషికే అందరికంటే ఆఖరున తెలుస్తుంది.

ఇక పెద్దాయన. చెడ్డ కబురు చెప్పడానికి ఆరు మెట్ల పద్ధతి ఒకటుంది, స్పైక్స్ అంటారు, 2000లో క్యాన్సర్ వైద్యులు ప్రచురించారు. మీరు చదివే ఉంటారు. అందులో మనవాళ్లు దాటేసే మెట్లు రెండు: రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడగడం. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, స్టూలు లాక్కుని ఆయన కంటికి సమానంగా కూర్చోండి. "పెద్దాయనా, మీకేమైందని అనుకుంటున్నారు?" అని మొదలుపెట్టండి. సగం మంది ఇక్కడే మనకంటే ముందు ఆ మాట అనేస్తారు. తర్వాత, "పరీక్షల్లో కొన్ని విషయాలు తెలిశాయి. అన్నీ మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పమంటారా?"

ఈ ప్రశ్నకి ఆయన "అంతా మా పెద్దోడితో మాట్లాడండమ్మా, నాకెందుకు" అంటే, అదీ ఆయన నిర్ణయమే. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆయనదే. ఇక్కడే మీ సార్ చెప్పే "మన పద్ధతి"కి పూర్తి గౌరవం దక్కుతుంది: మనిషంటే ఒంటరి కాదు, కొడుకు భుజం మీద భారం వేసి నిశ్చింతగా ఉండటం కొందరికి నిజమైన కోరిక. ఒక్కటే షరతు, ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. వచ్చినదాన్ని తేదీ వేసి కేసు షీటులో రాయండి. రాసి వదిలేయకండి, వారం తర్వాత మళ్లీ అడగండి, మనసు మారుతుంది. కౌలు మాట మాత్రం అప్పుడు కూడా వదలొద్దు: "ఈ ఏడాది కొత్తగా పొలం పెంచొద్దు, ఒంట్లో ఆ శక్తి ఉండదు" అనండి. ఇంతకంటే తెలుసుకోవద్దనుకున్న మనిషికి కూడా ఇంత తెలియాలి.

చెప్పమంటే చెప్పండి. ముందు ఒక హెచ్చరిక: "మేం అనుకున్నదానికంటే జబ్బు పెద్దదిగా ఉంది." ఆగండి. ఆయన ముఖం చూడండి. "క్లోమంలో గడ్డ ఉంది, అది క్యాన్సర్ గడ్డ. కాలేయానికి కూడా పాకింది." మళ్లీ ఆగండి, ఈసారి ఎక్కువసేపు. ఆ మౌనాన్ని కీమో పేర్లతో నింపాలనిపిస్తుంది, నింపకండి. ఎన్నాళ్లని అడిగితే తేదీలు చెప్పే శక్తి మనకి లేదు. "సంవత్సరాల్లో చెప్పలేను, నెలల్లో చూడాల్సిన జబ్బు" అనండి. "ఇక చేసేదేమీ లేదు" అన్న మాట మాత్రం నోటి నుంచి రానివ్వకండి, ఎందుకంటే అదీ అబద్ధమే. స్టెంటు పడితే కామెర్లు దిగుతాయి, ఇన్నాళ్లూ నిద్ర పోనివ్వని దురద తగ్గుతుంది. ఈ మాట నిజం, ఈ మాట మీద ఆయన సంతకం పెట్టగలరు.

నిజం తెలిసిన మనిషికి మాత్రమే చేయగలిగే వైద్యం కూడా ఉందన్నది కుటుంబాలకి మనం సరిగ్గా చెప్పం. ఈ క్యాన్సర్‌లో నడుము దాకా పాకే కడుపునొప్పి వస్తుంది, ముందుకు వంగి కూర్చుంటే తప్ప తగ్గదు. దానికి మార్ఫిన్ కావాలి. "వాపే కదా, ఇంత పెద్ద మందెందుకు?" అని ఆయన అడిగినప్పుడు ఇంకో అబద్ధం, దాన్ని కప్పడానికి మరొకటి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి నొప్పి, బాధ తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక ఆసుపత్రులు మార్ఫిన్ తెచ్చి ఉంచుకోవడం మునుపటికంటే తేలికైంది. మీ కాలేజీ ఫార్మసీలో మాత్రలు ఉన్నాయో లేవో ఇవాళే కనుక్కోండి. ఆఖరి రోజుల్లో వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే వీలు సుప్రీంకోర్టు 2018లో ఇచ్చింది, 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే సరిపోతుంది. ఐసీయూ బిల్లుకి పొలం అమ్మాలా వద్దా అన్నది ఆ పొలం దున్నిన మనిషి చెప్పాల్సిన మాట. దాచిపెట్టిన ఇళ్లలో ఆ మాట అడిగే అవకాశమే ఎవరికీ దొరకదు, చివరికి పొలమూ పోతుంది, మనిషీ దక్కడు.

ఒక జాగ్రత్త. ఆయన ఇప్పటికే తీవ్రమైన నిరాశలో ఉన్నా, ప్రాణం తీసుకోవాలన్న మాటలు వచ్చినా, సైకియాట్రీ వాళ్లని ముందు పిలవండి. రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది, దాన్ని తీసి దూరంగా పెట్టమని కొడుక్కి చెప్పండి. అలాంటి నిరాశ కబురు చెప్పడం వాయిదా వేయడానికి కారణం, శాశ్వతంగా దాచడానికి కాదు.

ఇదంతా జరిగేలోపే ఆయన ఇవాళ రాత్రి మళ్లీ పిలిస్తే? కూర్చుని ఇలా చెప్పండి: "మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. జబ్బు చిన్నది కాదు. రేపు సార్‌తో కలిసి కూర్చుని మీకు వివరంగా చెబుతాం. అప్పటిదాకా కౌలు అడ్వాన్సు ఎవరికీ ఇవ్వకండి." ఇందులో అబద్ధం లేదు, సార్‌ని దాటిపోవడమూ లేదు. కాకపోతే రేపు అన్నాక రేపే జరగాలి.

సార్ ససేమిరా అంటే, పేషెంట్ అడిగిన మాటలు ఆయన మాటల్లోనే కేసు షీటులో రాసి, "నన్ను నేరుగా అడిగితే నేను అబద్ధం చెప్పలేను సార్" అని మర్యాదగా, ముందే, ఆయన గదిలోనే చెప్పేయండి. యూనిట్‌లో ఇంకో సీనియర్ ఉంటే వాళ్లని కలవండి. చాలా కాలేజీల్లో ఎథిక్స్ కమిటీ పరిశోధనల అనుమతులు తప్ప ఇలాంటివి చూడదు, దాని కోసం ఎదురుచూడకండి.

చెప్పిన మర్నాడు తప్పకుండా ఆయన మంచం దగ్గరికి వెళ్లండి. మొదటి రోజు విన్నదాంట్లో చాలా భాగం బుర్రకెక్కదు, అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతారు, అవే జవాబులు విసుక్కోకుండా చెప్పండి. డిశ్చార్జి చేసేటప్పుడు రాత్రి నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద తెలుగులో రాసి ఆయన భార్య చేతికివ్వండి. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయండి, లేకపోతే మూడో రోజుకి మలబద్ధకం తట్టుకోలేక మార్ఫిన్ మానేస్తారు.